ఎలుగుబంట్లు తిరిగే ఊళ్లో ఏం చేయాలి, గ్రామసభలో ఏం అడగాలి?

2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఒక ఎలుగుబంటి ఒకరి ప్రాణం తీసి, మరికొందరిని తీవ్రంగా గాయపరిచింది. అటవీ సిబ్బంది మత్తు ఇచ్చి పట్టుకున్న కాసేపటికే ఆ ఎలుగూ చనిపోయింది. ఇలాంటి సంఘటన జరిగిన ప్రతిసారీ ‘పట్టుకుపొండి’ అనేవారు కొందరు, ‘ఆకలితో వచ్చింది, అడవిలోనే తిండి పెట్టండి’ అనేవారు కొందరు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది కాని, ఎలుగు ఊళ్లోకి వచ్చాక మొదలయ్యే వాదన ఎవరికీ ఉపయోగపడదు. ఉద్దానం వంటి తోటల ప్రాంతాల్లో ఉండేవారు ముందుగానే చేయగల పనులను వరుసగా చూద్దాం.

మొదటి పని, అది దేనికోసం వస్తోందో కనిపెట్టడం. మన ఎలుగుబంటి ప్రధానంగా చెదలు, చీమలు, తేనె, పండ్ల మీద బతుకుతుంది. దాని పై దవడలో నడిమి ముందుపళ్లు రెండూ ఉండవు. గోళ్లతో పుట్టను తవ్వి, మూతిని లోపలికి దూర్చి, ఆ సందులోంచి చెదలను గాలితో సహా పీల్చేస్తుంది. ఆ చప్పుడు వంద మీటర్ల దూరానికి కూడా వినిపిస్తుంది. తోటలో పుట్టలు తవ్వి ఉన్నాయా, దాని పెంటలో రేగు, నేరేడు గింజలు కనబడుతున్నాయా, లేక కొబ్బరి పీచు, అన్నం మెతుకులు కనబడుతున్నాయా అన్నది గమనించండి. గింజలుంటే అది దారిన పోయే ఎలుగు కావచ్చు. మెతుకులుంటే మాత్రం మన పెరటి రుచి మరిగిందని అర్థం. అలాంటిదాన్ని అటవీ శాఖ బీట్ అధికారికి వెంటనే తెలియజేయాలి.

ఆ తరువాత పెరడు సర్దుకోవాలి. పనసపండు చెట్టునే పండి పగిలితే ఆ వాసన చీకట్లో చాలా దూరం పోతుంది, ఎలుగు ముక్కు అంతకన్నా చురుకైనది. అందుచేత పనసకాయలను పక్వానికి రాగానే దించి ఇంట్లో మాగబెట్టుకోవాలి. పిక్క తీసిన జీడిపండ్లను చెట్ల కింద కుప్పలుగా వదిలేయకుండా ఇళ్లకు దూరంగా గోతిలో పూడ్చాలి. ఎండు కొబ్బరి, నూనె డబ్బాలు, కుడితి తొట్టె రాత్రిపూట తలుపు లోపల ఉండాలి. ఇంటి చుట్టూ పెరిగిన కంప, మొగలి పొదలు కొట్టివేయాలి, ఎందుకంటే పగటిపూట ఎలుగు పడుకునేది అలాంటి నీడలోనే.

తోటకు వెళ్లేటప్పుడు ముగ్గురు నలుగురు కలిసి వెళ్లడం, బాగా తెల్లవారాక బయలుదేరడం, దారి పొడుగునా మాట్లాడుకుంటూ చేతికర్రతో చప్పుడు చేయడం మంచిది. ఎలుగుకు చూపూ వినికిడీ అంత చురుకైనవి కావు. తలవంచి జీడిపిక్కలు ఏరుతున్న మనిషీ, తలవంచి చెదలు పీలుస్తున్న ఎలుగూ పది అడుగుల దూరంలో ఒకరినొకరు చూసుకున్నప్పుడే చాలా దాడులు జరుగుతాయి. వీపు మీద పిల్లలుంటే తల్లి అసలు ఆగదు. ఒంటరిగా, చీకటితో బహిర్భూమికి వెళ్లడం మానాలి.

ఎదురుపడితే పరుగెత్తకండి, అది మనకన్నా వేగంగా పరుగెత్తుతుంది, చెట్టూ ఎక్కుతుంది. దాని వైపే ముఖం ఉంచి మెల్లగా వెనక్కి జరగండి. మీద పడితే బోర్లా పడుకుని, చేతివేళ్లు జోడించి మెడ వెనుక భాగాన్ని కప్పుకుని, ముఖాన్ని నేలకు ఆనించి కదలకుండా ఉండండి, ఎందుకంటే అది ఎక్కువగా తలను, ముఖాన్నే పట్టుకుంటుంది. గాయమైతే రక్తస్రావాన్ని గుడ్డతో గట్టిగా అదిమి ఆపుతూ 108కి ఫోన్ చేయాలి. రక్తం అదుపులోకి వచ్చాక గాయాన్ని సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడగాలి. ఆసుపత్రిలో రేబిస్ టీకా మాట తప్పక అడగాలి. పసుపు, సున్నం వంటివి పెట్టకండి.

ఎలుగు ఊళ్లోకి వస్తే మాత్రం గుంపును అదుపు చేయడమే అన్నిటికన్నా కష్టమైన పని. సెల్‌ఫోన్లు పట్టుకుని వంద మంది చుట్టుముడితే బెదిరిన జంతువుకు మనుషుల మీదుగా తప్ప దారి ఉండదు. పిల్లలను లోపల ఉంచి, కొండవైపు దారి ఖాళీ చేసి, అటవీ సిబ్బంది వచ్చేవరకు దూరం నుంచే కనిపెట్టి ఉండాలి. ఉచ్చులు, కరెంటు తీగలు పెట్టడం నేరం. ఎలుగుబంటి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో, అంటే అత్యధిక రక్షణ ఉన్న జంతువుల జాబితాలో ఉంది. ప్రాణరక్షణ కోసం సద్భావంతో చేసిన ఎదురుదాడి నేరం కాదు గాని, ఒక ఎలుగును కావాలని చంపించాలంటే, అది మనుషుల ప్రాణాలకు ప్రమాదకరమని, పట్టుకోవడానికీ తరలించడానికీ వీలు లేదని నిర్ధారించుకున్నాక రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ కారణాలు రాసి ఉత్తర్వు ఇవ్వాలి.

ఇక గ్రామసభలో ఏం అడగాలి? పట్టి వేరే అడవిలో వదిలితే అక్కడి ఊళ్లకు అదే సమస్య మొదలు కావచ్చు, లేదా అదే తిరిగి రావచ్చు. తిండి పెట్టడం చూడడానికి దయగా ఉంటుంది. కర్ణాటకలోని దరోజి అభయారణ్యంలో సందర్శకులకు కనబడడం కోసం బండల మీద తీపి ముద్ద పూస్తారు. అది కాపలా ఉన్న అభయారణ్యం, మన జీడితోటలు అలాంటివి కావు. అమెరికాలోని యెల్లోస్టోన్ జాతీయ పార్కులో గ్రిజ్లీ అనే పెద్ద గోధుమరంగు ఎలుగులు దశాబ్దాలపాటు చెత్తకుప్పల మీద బతికాయి. 1970 ప్రాంతంలో ఆ కుప్పలను మూసేటప్పుడు క్రమంగా మాన్పించాలని పరిశోధకులైన క్రెయిగ్‌హెడ్ సోదరులు వాదించినా పార్కు అధికారులు వినలేదు. ఆకలితో క్యాంపుల్లోకి చొరబడిన చాలా ఎలుగులను చంపేశారు. 1975లో గ్రిజ్లీని ముప్పులో ఉన్న జంతువుల జాబితాలో చేర్చవలసి వచ్చింది. అలవాటు చేసిన తిండిని ఆపడం, పెట్టడం కన్నా ఎన్నో రెట్లు కష్టమని నాకు అనిపించేది అందుకే.

కనుక తీర్మానంలో ఈ విషయాలు రాయించండి: ఊరికి దూరంగా, కొండ అంచున నేరేడు, రేల, తునికి, రేగు మొక్కలు నాటించాలి, అక్కడి పుట్టలను తవ్వకూడదు, పొదలకు నిప్పు పెట్టకూడదు, వేసవిలో నీటిగుంటలు నింపాలి, వీధిదీపాలు వెలగాలి, పరిహారం దరఖాస్తు ఎవరికి, ఏ పత్రాలతో ఇవ్వాలో సచివాలయం గోడ మీద అతికించాలి. మొక్కలు కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, అందుచేత ఈ తొలకరికే గుంతలు తవ్వించేలా తేదీ కూడా అందులోనే వేయించాలి.