బంగాళదుంపకు రకం మార్చాకే తెగులు తగ్గింది (నా అనుభవం)

వరుసగా రెండేళ్లు పెరట్లో బంగాళదుంప మొక్కలు కళ్లముందే మాడిపోయాయి. ఆకుల చివర తడిసినట్టు నల్లటి మచ్చలు, పొద్దున్నే ఆకు తిప్పి చూస్తే మచ్చ చుట్టూ సన్నటి తెల్లటి బూజు. లేట్ బ్లైట్ అనే ఆకుమాడు తెగులు అది, 1845లో ఐర్లండ్‌ను కరువులోకి నెట్టింది కూడా ఇదే. మందు కొట్టాను గానీ రకం మార్చాలని తట్టనే లేదు.

మూడో ఏడు బ్లైట్‌ను తట్టుకునే సార్పో మిరా అనే రకం వేసి, పక్కనే పాత రకం కింగ్ ఎడ్వర్డ్ నాలుగు మొక్కలు ఉంచాను. చల్లటి ముసురు పట్టగానే పాతవి కుళ్లి వాలిపోయాయి, కొత్తవి మాత్రం కింది ఆకుల్లో కాసిని మచ్చలతో పచ్చగా నిలబడ్డాయి. ఎంత సంతోషమేసిందో!

ఒకటి గట్టిగా చెప్తాను, "తెగులు తట్టుకుంటుంది" అన్న మాట చూసి కొనేయకండి, ఏ తెగులో చూడండి. బ్లైట్‌ను తట్టుకునే రకం స్కాబ్‌నో (దుంప తొక్క మీద గరుకు మచ్చలు తెచ్చే తెగులు) వైరస్‌నో తట్టుకోవాలని లేదు, పైగా బ్లైట్‌ను ఎంత తట్టుకుంటుందో ఆకుకు ఒక రేటింగ్, దుంపకు ఇంకో రేటింగ్ ఉంటాయి. వంటకు తెచ్చిన దుంపలు నాటడం మానేసి ధ్రువీకరించిన విత్తన దుంపలే తెచ్చుకున్నాను, ఎందుకంటే వైరస్ దుంపతో పాటే వస్తుంది. పాత మడిలో వాటంతటవే మొలిచినవన్నీ పీకేశాను, బ్లైట్ మిగిలిపోయిన దుంపల్లోనే మరుసటి పంట దాకా దాక్కుంటుంది. సార్పో మిరా పంట కాస్త ఆలస్యంగా చేతికొస్తుంది, ఓపిక పట్టాలి.