బదిలీ ఆర్డర్లు వచ్చాయా? తొలి జీతానికి ముందే స్టేట్ ట్యాక్స్ చూసుకోండి

అమెరికా సైన్యంలో వేసవి అంటే బదిలీల కాలం. సామాన్లు, పిల్లల స్కూలు, కొత్త ఇల్లు అంటూ పరుగులు పెడుతుంటే భార్య లేదా భర్త ఉద్యోగం మీద పడే స్టేట్ ట్యాక్స్ ఎవరికి గుర్తుంటుంది? ఒకప్పుడు విదేశీయులను అమెరికా సైన్యంలో చేర్చుకున్న మావ్నీ పథకం కోరిన భాషల్లో తెలుగు కూడా ఉంది కాబట్టి, ఈ టెన్షన్ మనవాళ్ల ఇళ్లలోనూ ఉంటుంది. ఏప్రిల్‌లో రిటర్న్ వేసేటప్పుడు చూసుకుందాంలే అనుకోకండి. కొత్త ఉద్యోగంలో చేరే రోజే జాగ్రత్తపడాలి.

సైనికుల జీవిత భాగస్వాములకు 2009లో ఒక చట్టం ఊరటనిచ్చింది, 2018లో దాన్ని ఇంకొంచెం సడలించారు. 2023 పన్ను సంవత్సరం నుంచి మూడు దారులున్నాయి: సైన్యంలో ఉన్నవారి నివాస రాష్ట్రం, మీ నివాస రాష్ట్రం, పోస్టింగ్ ఉన్న రాష్ట్రం. పన్ను కోసం వీటిలో ఏదైనా ఎంచుకోవచ్చు.

ఉదాహరణకు, ఆయన నేవీలో ఉన్నారు, చట్టబద్ధ నివాసం టెక్సాస్, పోస్టింగ్ వర్జీనియాలోని నార్‌ఫోక్. ఆవిడ అక్కడే నర్సు. టెక్సాస్‌ను ఎంచుకుంటే జీతం మీద స్టేట్ ట్యాక్స్ లేదు. కానీ జీతంలో వర్జీనియా పన్ను కోత దానంతటదే ఆగదు. చేరిన రోజు ఇచ్చే వీఏ-4 అనే వర్జీనియా పన్ను కోత ఫారంలో మిలిటరీ స్పౌజ్ మినహాయింపు గడి నింపి, మిలిటరీ స్పౌజ్ ఐడీ కాపీ జతచేయాలి. లేకపోతే ప్రతి జీతంలోనూ వర్జీనియా పన్ను కోత పడుతుంది. తర్వాత 763ఎస్ ఫారం వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు, కానీ అప్పటిదాకా డబ్బు మన చేతిలో ఉండదు. తొలి పేస్టబ్ రాగానే స్టేట్ ట్యాక్స్ వరుసలో సున్నా ఉందో లేదో చూడండి. "ఇక్కడ పనిచేస్తే ఇక్కడే కట్టాలి" అని పేరోల్‌వాళ్లు అంటే వెనక్కి తగ్గకండి, చాలామందికి ఈ చట్టం తెలియదు. కొన్ని రాష్ట్రాల్లో ఇలాంటి ఫారం ఏటా కొత్తగా ఇవ్వాలి.

చాలామంది తడబడేది ఇంకోచోట. హోమ్ ఆఫ్ రికార్డ్ అంటే సైన్యంలో చేరినప్పుడు నమోదైన ఊరు. పన్నుకు లెక్కలోకి వచ్చేది చట్టబద్ధ నివాస రాష్ట్రం. ఎల్ఈఎస్‌లో, అంటే సైనికుల జీతం స్లిప్పులో, పన్నుల భాగంలో ఏ రాష్ట్రం ఉందో ముందే చూసి, దాన్నీ ఆర్డర్ల కాపీనీ దాచుకోండి.

మినహాయింపు మీ సంపాదనకే. వర్జీనియాలో ఇల్లు అద్దెకిస్తే ఆ అద్దె మీద వర్జీనియాకే కట్టాలి. ఫెడరల్ పన్ను మామూలే. విడాకులైతే ఈ వెసులుబాటు పోతుంది. సందేహముంటే సైనిక కుటుంబాలకు సాయపడే మిలిటరీ వన్‌సోర్స్‌వారి పన్ను సేవ మిల్‌ట్యాక్స్ ఉచితం. రిటర్న్ వేసేముందు ఒకసారి వాళ్లతో మాట్లాడండి.