ఏళ్ళుగా మూలన పడ్డ డర్ట్ బైక్‌ను మళ్ళీ స్టార్ట్ చేయడం ఎలా?

మా బావ హైదరాబాద్ వెళ్ళిపోతూ తన హీరో ఇంపల్స్ తాళాలు నాకిచ్చాడు. బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో అది నాలుగేళ్ళుగా కదల్లేదు. 2011లో వచ్చిన ఈ 150 సీసీ బండి రోడ్డు మీదా, మట్టిదారుల్లోనూ తిరగడానికి పుట్టింది. ఇప్పుడు కొత్తది దొరకదు కాబట్టి, ఉన్నదాన్ని బతికించుకోవాలి.

తాళం చేతికి రాగానే కిక్ కొట్టాలనిపిస్తుంది. దయచేసి కొట్టకండి. ఇంతకాలం ఆగిన ఇంజన్‌లో సిలిండర్ గోడలు పొడిబారి, ఒక్కోసారి తుప్పు పట్టి ఉంటాయి. ఆ స్థితిలో కిక్ కొడితే పిస్టన్ రింగులు సిలిండర్‌ను గీరేస్తాయి. స్టార్ట్ చేసే కిక్ అన్నిటికంటే చివర రావాలి.

1. ఇంజన్ పట్టేసిందా?

స్పార్క్ ప్లగ్ చుట్టూ ఉన్న దుమ్మును ఊది, తర్వాతే ప్లగ్ విప్పండి. లేకపోతే ఆ మట్టి లోపల పడుతుంది. ప్లగ్ రంధ్రంలో ఒక టీస్పూన్ ఇంజన్ ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు టాప్ గేర్‌లో పెట్టి బండిని మెల్లగా ముందుకు తోయండి. ఇంజన్ తిరిగితే సగం టెన్షన్ తీరినట్టే. తిరగకపోతే బలవంతం చేయకండి, ఇంకో రెండు రోజులు ఆయిల్‌లో నాననివ్వండి. అప్పటికీ కదలకపోతే మెకానిక్‌కు చూపించాల్సిందే.

2. పాత ఆయిల్, పాత పెట్రోల్

రెండూ పూర్తిగా తీసేయండి. మన పెట్రోల్‌లో ఇథనాల్ కలుస్తుంది, అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే ట్యాంకు అడుగున నీరు, తుప్పు చేరతాయి. తుప్పు తక్కువైతే ట్యాంకు విప్పి, వెనిగర్ నింపి ఒక రోజు ఉంచండి. తర్వాత వంటసోడా కలిపిన నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. ఆరిన వెంటనే లోపల కాస్త ఆయిల్ తిప్పకపోతే తుప్పు మళ్ళీ వస్తుంది. కొత్త ఇంజన్ ఆయిల్ కొనేటప్పుడు డబ్బా మీద జాసో ఎంఏ (JASO MA, బైక్ క్లచ్‌కు సరిపోయే ఆయిల్ అని చెప్పే గుర్తు) అని ఉందో లేదో చూడండి. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారే ప్రమాదం ఉంది.

3. కార్బ్యురేటర్

ఇంజన్‌కు పెట్రోల్, గాలి కలిపి పంపే భాగం ఇది. చాలా బండ్లు ఆగిపోయేది ఇక్కడే, కాబట్టి దీనికి ఒక ఆదివారం మొత్తం కేటాయించండి. ప్రతి పైపు ఎక్కడ ఉందో విప్పే ముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. కింది గిన్నె స్క్రూలు గట్టిగా ఉంటాయి, సరిపోని స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తలలు అరిగిపోతాయి. లోపల పచ్చగా, జిగురుగా ఉండేది ఎండిన పెట్రోల్. పెట్రోల్ వెళ్ళే సన్నటి రంధ్రాలున్న మెయిన్ జెట్, పైలట్ జెట్ రెండూ విప్పి వెలుతురుకు పెట్టి చూడండి, రంధ్రంలోంచి వెలుగు కనబడాలి. పైలట్ జెట్ రంధ్రం వెంట్రుకంత సన్నగా ఉంటుంది, ఎక్కువగా పూడేది అదే. కార్బ్యురేటర్ క్లీనర్ కొట్టి, కరెంటు వైరులోని ఒక్క రాగి పోగుతో శుభ్రం చేయండి. గుండుసూది మాత్రం వాడకండి, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ పనికిరాదు. ఎయిర్ స్క్రూను ముందుగా లోపలికి మెల్లగా బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో రాసుకోండి. తిరిగి పెట్టేటప్పుడు అన్నే చుట్లు వదలాలి.

రబ్బరు వాషర్లు, పెట్రోల్ పైపు కొత్తవి వేయండి. బెంగళూరులో బండ్ల విడిభాగాలు దొరికే జేసీ రోడ్డుకు వెళ్తే పాత పార్టు చేత్తో పట్టుకెళ్ళండి, పేరు చెప్పడం కంటే చూపించడం సులువు.

4. నిప్పురవ్వ

బ్యాటరీ 12 వోల్టులకు బాగా కిందికి పడి, చార్జ్ చేసినా నిలవకపోతే కొత్తది కొనండి. ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడండి. కిల్ స్విచ్ (ఇంజన్ ఆపే బటన్) ఉంటే, అది ఇంజన్ ఆపేసే వైపు ఉండిపోయిందేమో కూడా చూసుకోండి, దాన్ని మర్చిపోయి గంటలు పోగొట్టుకునేవాళ్ళున్నారు. కొత్త ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, దాని లోహాన్ని ఇంజన్‌కు ఆనించి కిక్ కొట్టండి. నీలి రవ్వ కనబడాలి. దగ్గర్లో పెట్రోల్ ఉండకూడదు, ప్లగ్ రంధ్రానికి దూరంగా చూడండి.

5. ఇప్పుడు కిక్

బండిని ఆరుబయటకు తీసుకెళ్ళండి. మూసిన బేస్‌మెంట్‌లో పొగ ప్రాణం తీస్తుంది. రెండు లీటర్ల తాజా పెట్రోల్ పోసి, చోక్ లాగి కిక్ కొట్టండి. మొదట్లో తెల్లటి పొగ వస్తుంది, సిలిండర్‌లో పోసిన ఆయిలే కాలుతుంది. రేజ్ చేయకుండా కొన్ని నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. మా బండి పదకొండో కిక్‌కు పలికింది. ఆ శబ్దం వినగానే బావకు వీడియో కాల్ చేశాను.

అంతమాత్రాన రోడ్డెక్కకండి. బ్రేక్ ఫ్లూయిడ్ మార్చండి, చైన్ శుభ్రం చేసి ఆయిల్ పట్టించండి. టైరు పక్క గోడ మీద నాలుగంకెలు చూడండి. 2314 అంటే 2014లో 23వ వారం తయారైందని. అంత పాతదైతే పైకి బాగున్నా మార్చేయండి.

కాగితాలు కూడా చూసుకోవాలి. రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకే, అంటే 2012 బండికి 2027 వరకు. ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ తప్పనిసరి. మా బండిలాగా ఆంధ్రా నంబరుతో ఉండి కర్ణాటకలో 12 నెలలు దాటితే ఇక్కడి రిజిస్ట్రేషన్‌కు మార్చుకోవాలి. దానికి ముందు అక్కడి ఆర్టీఓ నుంచి ఎన్‌ఓసీ తెచ్చుకోండి. మొదటి 300 కిలోమీటర్ల తర్వాత ఇంజన్ ఆయిల్ మళ్ళీ మార్చండి, లోపలి మురికంతా అందులోకి దిగి ఉంటుంది.