క్వాంటం డాట్ సరఫరాదారులను పోల్చి చూడడం ఎలా?

టీవీ తెరలకు క్వాంటం డాట్లు (కాంతి పడితే స్వచ్ఛమైన రంగులో వెలిగే అతిసూక్ష్మ కణాలు) అందించే సంస్థలను పోల్చదలచినవారు ధరకన్నా ముందు పదార్థంలో విషపూరిత లోహమైన కాడ్మియం ఉందో లేదో చూడాలి. ఐరోపా సమాఖ్య నిబంధనలు, కొన్ని మినహాయింపులున్నా, కాడ్మియాన్ని బరువులో 0.01 శాతానికి పరిమితం చేయడంతో, రంగు స్వచ్ఛతలో కాస్త వెనుకబడినా కాడ్మియం లేని ఇండియం ఫాస్ఫైడ్‌కు గిరాకీ పెరిగింది.

తరువాత పేటెంట్లు ఎవరి చేతిలో ఉన్నాయో ఆరా తీయాలి. ఈ రంగంలో అసలు పోరు కర్మాగారాల్లో కన్నా న్యాయస్థానాల్లోనే స్పష్టంగా కనిపిస్తుంది: బ్రిటన్ సంస్థ నానోకో 2020లో శాంసంగ్‌పై దావా వేసి, 2023లో 15 కోట్ల డాలర్లకు రాజీ కుదుర్చుకుంది. యాజమాన్యం మార్పులనూ గమనించాలి. సోనీ టీవీలకు డాట్లు అందించిన క్యూడీ విజన్ ఆస్తులను 2016లో కొన్నది కూడా శాంసంగే.

ఆపై నమూనా తెప్పించుకుని, వేడికీ తేమకూ దాని వెలుగు ఎంతకాలం నిలుస్తుందో కొలిపించాలి.