ఉప్పునీటి అక్వేరియం, 6వ పాఠం: స్కిమ్మర్‌ను దారికి తేవడం

పోయిన పాఠంలో ఉప్పు కలిపి నీళ్ల సాపేక్ష సాంద్రతను, అంటే మంచినీళ్లతో పోలిస్తే ఎంత బరువో ఆ లెక్కను, 1.025 దగ్గర నిలబెట్టాం. ఇక సంపులో స్కిమ్మర్, అంటే నీళ్లలో కరిగిన మురికిని నురగగా లాగేసే పరికరం, పెట్టాలి. సంపంటే ఇంటి ముందు కుళాయి నీళ్లు పట్టుకునేది కాదు లెండి, ట్యాంకు కింద ఉండే రెండో తొట్టి.

నెల్లూరు దగ్గర మైపాడు వైపు రొయ్యల చెరువులు చూసినవాళ్లకు ఇది అర్థం కావడం తేలిక. రాత్రంతా నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు తిరిగాక పొద్దున్నే గట్టు మీదికెళ్తే, గాలి నెట్టుకొచ్చిన మూలలో నురగ పేరుకుని ఉంటుంది, వేలితో తీస్తే జిగటగా, నీచు వాసనతో. నీళ్లలో కరిగిన మేత, రెట్ట తాలూకు ప్రోటీన్లు గాలి బుడగకు అంటుకుని పైకొస్తాయి. స్కిమ్మర్ చేసేదీ అదే, కాకపోతే గొట్టంలో చేసి నురగను కప్పులోకి నెడుతుంది. మంచినీళ్లలో బుడగలు కలిసిపోయి పెద్దవై పగిలిపోతాయి కాబట్టి అక్కడ దీనితో పెద్దగా పని జరగదు.

స్కిమ్మర్‌లోంచి నీళ్లు బయటికెళ్లే వాల్వ్ జోలికి వెళ్లకముందు నీటి మట్టం చూడండి. చాలా స్కిమ్మర్లకు 15 నుంచి 25 సెంటీమీటర్ల లోతు కావాలి, మీదానికి ఎంతో కంపెనీ కాగితంలో ఉంటుంది. నేను మొదటివారం ఇది పట్టించుకోలేదు. మన ఎండలకు పగలంతా నీళ్లు ఆవిరై నురగ దిగిపోయేది, దాన్ని లేపడానికి నేను వాల్వ్ బిగించేవాణ్ణి, సాయంత్రం ఆర్వో నీళ్లు పోయగానే కప్పు పొంగి హాలంతా మురికి. సంపులో అడ్డుగాజు ఉంటే దానికి ముందు, పై ట్యాంకు నీళ్లు వచ్చి పడే వైపు గదిలో పెట్టండి, అక్కడ మట్టం మారదు. లేకపోతే టేపుతో గీత పెట్టుకుని రోజూ దాని వరకు ఆర్వో నీళ్లే పోయండి, ఉప్పునీళ్లు వద్దు, ఉప్పు ఆవిరి కాదు కదా.

ఇప్పుడు ఆ వాల్వ్ పూర్తిగా తెరిచి స్విచ్ వేయండి. కొత్తదానికి తయారీలో అంటిన జిడ్డు వదలడానికి కొన్ని రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది, అప్పటిదాకా అది చెప్పిన మాట వినదు. కుదుటపడ్డాక వాల్వ్‌ను గడియారం ముల్లు ఒక అంకె జరిగినంత మాత్రం మూసి, ఒక రోజు ఆగండి. బుడగలు నురగగా మారే గీత కప్పు మెడ మొదట్లో నిలవాలి. కప్పులో లేత టీ రంగు నీళ్లు గబగబా నిండితే ఎక్కువ మూశారని, నల్లటి ముద్ద మెడకే అంటుకుని పైకి రాకపోతే ఇంకాస్త మూయాలని. ముదురు డికాషన్ రంగు వస్తే చాలు. ఆ మెడను రెండు మూడు రోజులకోసారి తుడవండి, జిడ్డు పట్టిన మెడలో నురగ ఎక్కదు.

రొయ్య తురిమి మేత వేశాక నురగ చప్పున కూలిపోతుంది. మేతలోని కొవ్వు వల్ల అది, టెన్షన్ పడి వాల్వ్ తిప్పకండి, కొన్ని గంటల్లో తిరిగి లేస్తుంది.

అసలు తంటా కరెంటు పోయి వచ్చినప్పుడు. పై ట్యాంకు నీళ్లు కొన్ని సంపులోకి దిగి మట్టం పెరిగి ఉంటుంది, అప్పుడే స్కిమ్మర్ తిరిగితే పొంగుతుంది. రిటర్న్ మోటారు నీళ్లను పైకి లాగిన పది నిమిషాలకు స్కిమ్మర్ వేయండి. ఇంట్లో ఎవరూ ఉండరనుకుంటే ఫ్రిజ్ స్టెబిలైజర్‌లో ఉంటుందే, కరెంటొచ్చినా కాసేపు ఆపి ఉంచే టైమర్, అలాంటిది ఒకటి స్కిమ్మర్ ప్లగ్గుకు పెట్టించండి.

వచ్చే పాఠానికి మీ కప్పులో రంగు ఎలా ఉందో వారం రోజులు రాసి పెట్టుకోండి, దాన్నిబట్టి మేత ఎంత వేయాలో చూద్దాం.