కుందేళ్ల పెంపకం – 6వ పాఠం: తల్లి పాలిస్తోందా, లేదా?

ఈసారి పిల్లల్ని తల్లి నుంచి వేరు చేయడం గురించి రాద్దామనుకున్నాను. అది చివర్లో కొంచెమే వస్తుంది. ఐదో పాఠం చదివి జత కట్టించినవాళ్ల ఇళ్లలో కుందేళ్లు ఈనాయి. అప్పట్నుంచి వస్తున్న మెసేజ్‌లన్నిటిలో దాదాపు ఒకటే మాట: "అక్కా, తల్లి పిల్లల దగ్గరికే వెళ్లట్లేదు, పాలివ్వట్లేదు." దాని వెనకే ఇంకో మాట: "అందుకని పిల్లల్ని బయటికి తీసి ఆవుపాలు పడుతున్నాం." అలా తీసిన ఇళ్లలో చాలా చోట్ల పిల్లలు దక్కలేదు. అందుకే ఈ ఒక్క విషయం తేలేదాకా ముందుకి వెళ్లను.

కుందేలు కుక్కలాగానో పిల్లిలాగానో పిల్లల్ని పొట్ట కింద వేసుకుని పడుకోదు. రోజుకి ఒక్కసారి, ఒక్కోసారి రెండుసార్లు, పిల్లలున్న పెట్టెలోకి దూకి మూడు నుంచి ఐదు నిమిషాలు పాలిచ్చి బయటికొచ్చేస్తుంది. అదీ ఎక్కువగా రాత్రిపూటో తెల్లవారుజామునో. మిగతా రోజంతా పెట్టె వైపు చూడదు. మన ఇంటి కుందేళ్ల పూర్వీకులు ఐరోపాలో బొరియల్లో బతికిన అడవి కుందేళ్లు. తల్లి మాటిమాటికీ పిల్లల దగ్గరికి వెళ్తే ఆ జాడ పట్టుకుని నక్క వస్తుంది. అందుకే ఒక్కసారి వెళ్లి, పాలిచ్చి, బొరియ మూతి మట్టితో కప్పేసి వెళ్లిపోతుంది. మీ బాల్కనీలో బోనులో ఉన్నదానికీ ఆ బుద్ధి పోలేదు. పిల్లల్ని వదిలేసిందని మీరు అనుకుంటున్నది అది వాటిని కాపాడుకునే పద్ధతి.

కాబట్టి తల్లిని చూసి తేల్చుకోకండి, పిల్లల పొట్టలు చూడండి. రోజూ ఉదయం చేతులు కడుక్కుని, ముందు తల్లి వీపు నిమిరి, తర్వాత పెట్టెలో చెయ్యి పెట్టండి. తల్లి పీకి పరిచిన బొచ్చు పక్కకి జరిపి ఒక్కో పిల్లనీ వెల్లకిలా తిప్పి చూడండి. మొదటి వారం చర్మం ఎంత పల్చగా ఉంటుందంటే, తాగిన పాలు పొట్టలో తెల్లటి పట్టీలా బయటికే కనిపిస్తాయి. పొట్ట గుండ్రంగా, బిగుతుగా ఉంటుంది. తాగని పిల్ల పొట్ట లోపలికి పోయి, ఒంటి మీద చర్మం ముడతలు పడి ఉంటుంది. చెయ్యి తగలగానే మూతి పైకెత్తి ఎగిరెగిరి పడుతుంది.

తల్లి పగలంతా పెట్టెలోకి వెళ్లలేదు, పొట్టలు నిండుగా ఉన్నాయి: పాలిచ్చింది. తల్లి పెట్టెలోకి వెళ్లి వెంటనే దూకేసింది, పొట్టలు నిండుగా ఉన్నాయి: పాలిచ్చింది. రాత్రంతా కెమెరా పెట్టి చూసినా ఏమీ కనపడలేదు, పొట్టలు నిండుగా ఉన్నాయి: అయినా పాలిచ్చింది. ఏడు పిల్లల్లో ఆరు నిండుగా ఉండి ఒకటి ముడతలు పడి ఉంటే తల్లి తప్పేం లేదు. ఆ ఒక్కటీ తోపులాటలో వెనకబడింది. మర్నాడు దాన్ని ఒక్కదాన్నే ముందు తల్లి కింద పెట్టి, తర్వాత మిగతావాటిని వదలండి. ఈనిన మొదటి రోజు పాలు కొంచెం ఆలస్యమైనా టెన్షన్ పడొద్దు. ఇరవై నాలుగు గంటలు దాటినా అన్ని పొట్టలూ ముడతలుగానే ఉంటే అప్పుడు మనం కల్పించుకోవాలి.

అలాంటప్పుడు కూడా మొదట చేయాల్సింది పాలసీసా వెతకడం కాదు. తల్లిని ఎత్తి పెట్టెలో పిల్లల మీదుగా నిలబెట్టి, ఐదు నిమిషాలు మెల్లగా నిమురుతూ ఉండండి. చాలా కుందేళ్లు అలాగే పాలిచ్చేస్తాయి. ఇవ్వకపోతే చనుమొనల చుట్టూ తడిమి చూడండి. గట్టిగా, వేడిగా, ఎర్రగా ఉంటే అది పొదుగువాపు, ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. రెండు మూడు రోజుల తేడాతో ఈనిన ఇంకో కుందేలు మీ దగ్గరో, మీలా పెంచే ఇంకొకరి దగ్గరో ఉంటే పిల్లల్ని దాని పిల్లల్లో కలపండి. నేనైతే పోతపాల కంటే ఇదే వంద రెట్లు నయమంటాను. రెండు కుందేళ్లకి ఒకే రోజు జత కట్టించమని పోయినసారి చెప్పింది కూడా ఇందుకే.

ఆవుపాలు ఎందుకు వద్దంటే, కుందేలు పాలు చాలా చిక్కన. వాటిలో ప్రొటీన్, కొవ్వు రెండూ ఆవుపాలకి మూడు రెట్ల కంటే ఎక్కువే. రోజుకి ఒక్కసారి తాగినా సరిపోయేది అందుకే. ఆవుపాలతో కడుపు నిండినట్టు కనిపిస్తుంది గానీ బలం అందదు, విరేచనాలు మొదలవుతాయి. డ్రాపర్‌తో తొందరపడి పోస్తే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఇంకే దారీ లేక పోతపాలే పట్టాల్సివస్తే, కుందేళ్లని చూసే డాక్టర్ని అడిగే పట్టండి.

బోను నేల మీద చల్లగా బిగుసుకుపోయిన పిల్ల దొరికిందని ఇద్దరు రాశారు. పాలు తాగుతూ చనుమొన వదలకపోతే తల్లితో పాటు బయటికొచ్చి పడిపోతుంది. కుందేలు పిల్లని నోట కరుచుకుని తిరిగి పెట్టెలో పెట్టదు, ఆ పని మనదే. అది చచ్చిపోయినట్టే కనిపిస్తుంది, అయినా పారేయకండి. ముందు రెండు అరచేతుల మధ్య, తర్వాత గోరువెచ్చటి నీళ్ల సీసాకి గుడ్డ చుట్టి దాని పక్కన, ఒళ్లు వెచ్చబడేదాకా ఉంచండి. కదలిక వచ్చాక మిగతా పిల్లల మధ్యలో పెట్టండి. చల్లగా ఉన్న పిల్లకి పాలు మాత్రం పట్టొద్దు.

మనిషి చెయ్యి తగిలితే తల్లి చంపేస్తుందన్న మాట నమ్మకండి. మీ చేతుల్లో పెరిగిన కుందేలుకి మీ వాసన కొత్త కాదు. ఆ భయంతో పెట్టె వైపు చూడకపోతే లోపల చచ్చిన పిల్ల ఉన్నా తెలియదు, చీమలు పట్టినా తెలియదు. బోను కాళ్ల కింద నీళ్ల పళ్లేలు పెట్టారు కదా? నేను రాత్రి పెట్టెని ఇంట్లోకి తెచ్చేస్తాను, తెల్లారగట్ల తల్లి ముందు పెడతాను. పిల్లుల భయం, ఎలకల భయం రెండూ ఉండవు, పాలివ్వడమూ నా కళ్ల ముందే జరుగుతుంది.

ఇక రెండో సంగతి. ఈనే ముందే పోతుని, అంటే మగ కుందేలుని, వేరే బోనులోకి మార్చమన్నాను. మార్చనివాళ్లున్నారు. ఆడ కుందేలు ఈనిన కొన్ని గంటల్లోనే మళ్లీ చూలు కట్టగలదు. అంటే ఒళ్లో పిల్లలకి నెల నిండేసరికి ఇంకో ఈత. ఒక ఈతకి పాలిస్తూ ఇంకో ఈతని కడుపులో మోస్తే తల్లి ఎముకల గూడైపోతుంది. ఇది పెంపుడు జంతువుని చూసే తీరు కాదు. పోతుకి ఆపరేషన్ చేయించినా కనీసం ఆరు వారాలు వేరుగానే ఉంచండి, అప్పటిదాకా పిల్లలు పుట్టే అవకాశం ఉంటుంది. ఆపరేషన్ ముందు కుందేలుని పస్తు ఉంచకూడదు. కుందేలుకి వాంతి రాదు, కడుపు ఖాళీ అయితే పేగుల కదలిక ఆగిపోతుంది. పస్తు ఉంచమన్న చోట చేయించకండి.

వేరు చేయడం గురించి ముఖ్యమైనంత వరకే. పది పన్నెండు రోజులకి కళ్లు తెరుస్తాయి, మూడో వారానికి పెట్టె దిగి గడ్డి కొరుకుతాయి. అది చూసి పాలు మాన్పించకండి. సంతల్లో గంపల్లో అమ్మే గుప్పెడంత పిల్లలు చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి గానీ, ఆ వయసులో తల్లిని వదిలిన పిల్లలు చాలావరకు విరేచనాలతో పోతాయి. ఎనిమిది వారాలు నిండేదాకా నేను పిల్లని గడప దాటనివ్వను. అప్పుడు ఆడా మగా చూసి రాసిపెట్టుకోండి, పన్నెండు వారాలకి మళ్లీ చూడండి. "రెండూ ఆడవే" అని నమ్మి ఇస్తే అవతలి ఇంట్లో నాలుగు నెలలకే ఈత మొదలవుతుంది. మగవాటిని పన్నెండు వారాలకల్లా వేరు చేయాల్సిందే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మన ఎండల్లో ఎవరూ జత కట్టించకండి. వేడికి పోతుల్లో వీర్యం దెబ్బతింటుంది, కడుపుతో ఉన్న తల్లి వడదెబ్బకి పోతుంది.

ఈసారి అభ్యాసం కాస్త కష్టమే. కుందేలు పిల్లలున్నవాళ్లు ఒక గ్రాము దాకా చూపించే కిచెన్ కాటా కొనండి. పద్నాలుగు రోజులు, రోజూ ఒకే వేళకి, ఒక్కో పిల్ల బరువు రాయండి. చెవి లోపల స్కెచ్ పెన్‌తో చుక్క పెట్టుకుంటే ఏది ఏదో తెలుస్తుంది. న్యూజిలాండ్ వైట్ జాతి పిల్ల పుట్టినప్పుడు యాభై, అరవై గ్రాములుంటుంది, వారానికి దాదాపు రెట్టింపవ్వాలి. వరసగా రెండు రోజులు పెరగని పిల్ల సంగతి వెంటనే నాకు రాయండి.

కుందేలు పిల్లలు లేనివాళ్లకి వేరే పని. కుందేలు పిల్లని పెంచుకుంటామని మాటిచ్చిన ఎనిమిది ఇళ్ల పేర్లు రాయండి. ఒక్కో ఇంటికీ స్వయంగా వెళ్లి, బోను ఎక్కడ పెడతారో, ఎండకి ఏం చేస్తారో, ఊరెళ్తే ఎవరు చూస్తారో అడిగి పేరు పక్కన రాసుకోండి. ఒకవేళ పెంచలేకపోతే పిల్లని మీకే తిరిగిస్తామని వాళ్లతో సంతకం పెట్టించండి. ఎనిమిదీ పూర్తికాకపోతే ఈ ఏడాది జత కట్టించడం మానేయండి. ఏడో పాఠంలో గడ్డి గురించి: గరిక, దశరథ గడ్డి, లూసర్న్ ఎంతెంత వేయాలో చూద్దాం.