లోయలో వ్యూపాయింట్లు చూడటానికి బయల్దేరే ముందు

ముందు చూడాల్సింది ఏటి సంగతి. మీ నెత్తిన ఎండ కాస్తున్నా, ఎగువన గట్టి వాన పడితే ఏరు ఒక్కసారిగా పొంగుతుంది. అందుకే ఎగువ ప్రాంతపు వాతావరణ సూచన కూడా చూసుకోండి. పైన డ్యామ్ ఉంటే గేట్లు ఎత్తే అవకాశం ఉందేమో ఊళ్లో అడగండి. తేట నీరు బురద రంగుకు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా ఫొటోల సంగతి వదిలేసి గట్టెక్కేయండి. మోకాలి లోతు వడి చాలు, మనిషిని పడేయడానికి.

– నడకకు గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు అదనంగా ఇంకో గంట లెక్కేయండి. పిల్లలుంటే ఇంకా ఎక్కువే.
– కొండల చాటున పొద్దు త్వరగా వాలుతుంది. ఫోన్ లైట్ కాకుండా విడిగా టార్చ్‌లైట్ ఉండాలి.
– సిగ్నల్ ఉండకపోవచ్చు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుని, ఎప్పటికి తిరిగొస్తారో ఒకరికి చెప్పండి.
– నీళ్లు, జారని బూట్లు.

తెల్లవారుజామున పొగమంచులో ఏమీ కనిపించలేదని టెన్షన్ పడకండి, ఎండెక్కితే చాలాసార్లు విడిపోతుంది. ఆ మసకలో అంచు దగ్గరికి మాత్రం పోవద్దు. సెల్ఫీ కోసం వెనక్కి అడుగులేయడం ఎప్పుడైనా ప్రమాదమే. ఉరుము వినిపిస్తే వెంటనే దిగండి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ ఎక్కండి.